పదము తెలిసిన చాలునా?

“ఈ క్రింది పదములను సొంత వాక్యములలో ప్రయోగింపుడు” అను ప్రశ్న నెరుగని విద్యార్థి తెలుగునాట ఉండడు. ఇంగ్లీషు ప్రశ్నపత్రములో ఐదు పదము లిత్తురు. పిల్లవానికి ఐదింటికిని అర్థము వచ్చును. ముందునాటి రాత్రి దీపము ముందు కూర్చుండి వల్లించినవే అవి. అయినను కలము సాగదు. సాగినను, వ్రాసిన వాక్యముపై ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో గీత గీయును. అర్థము తప్పలేదు. అక్షరక్రమము తప్పలేదు. మరి తప్పిన దేమి?

ఇందుకు ప్రతిగా జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు వృద్ధుడైన రైతు నొకనిని తీసికొందము. ఆయన బడిలో ఇంగ్లీషు చదువుకొన్నవాడు కాడు. అయినను “కోర్టులో డిక్రీ అయినది. వారు అప్పీలుకు పోయినారు. మొన్న మాకు నోటీసు వచ్చినది” అని తడబడక చెప్పును. ఆ మూడు చిన్న వాక్యములలో నాలుగు ఇంగ్లీషు మాట లున్నవి. ఒక్కటియు తన చోటు తప్పలేదు. నూరు పదములు వల్లించిన బాలుడు తప్పుటకును, ఒక్క పదమైన వల్లింపని వృద్ధుడు తప్పకుండుటకును కారణ మేమి? ఈ ప్రశ్నకు సమాధానము మన కృష్ణాతీరపు చరిత్రలోనే దొరకును.

గరికపాడు గ్రామము హైదరాబాదు నుండి విజయవాడకు వచ్చు రహదారిపై, పాలేటి దాపున నున్నది. పాలేరు దాటినచో కోదాడ సీమ. నేడు ఏటి కీవల ఆంధ్రప్రదేశము, ఆవల తెలంగాణము. ఈ ఎల్ల కొత్తది కాదు. కంపెనీవారి కాలము నుండి 1947 వరకు ఇచ్చట ఒక ప్రక్క ఇంగ్లీషువారి ఏలుబడియు, మరియొక ప్రక్క నిజాము రాజ్యమును ఎదురెదురుగా నుండెను. 1956లో ఆంధ్రప్రదేశ మేర్పడినప్పుడు చెరిగిన ఎల్ల 2014లో మరల వెలసినది. జనులు మాత్రము అటు నిటు పిల్లల నిచ్చి పుచ్చుకొనుచు, ఎడ్ల నమ్మి కొనుచు ఎల్లకాలము ఒకే తెలుగు మాటాడుచు వచ్చిరి. కాని కచేరీలో పుట్టు కాగితపు భాష వేరు. ఆవలి కచేరీలలో తొలుత పారసీ, 1880 దశకము నుండి ఉర్దూ చెల్లెను. ఈవల పై కచేరీలలో ఇంగ్లీషు చెల్లెను. కాబట్టి ఈ సీమ రైతునకు పరభాషాపదముతో వ్యవహారము పుస్తకములో మొదలైనది కాదు. పొలము గట్టుపైన, శిస్తు కట్టు చోట, కోర్టు మెట్లపైన మొదలైనది.

మొదట వచ్చినవి పారసీ పదములు. గోలకొండ సుల్తానుల నాటి నుండియు ఈ సీమలో పాతుకొన్న జిల్లా, తాలూకా, జమాబందీ, దస్తావేజు, దావా, జప్తు, జామీను మొదలగునవి యట్టివి. తరువాత ఇంగ్లీషువి వచ్చినవి. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ మచిలీపట్టణము రేవున లంగరు వేసెను. ఆనాడే అద్దకపు బట్టల బేరమునకు ద్విభాషి అవసరము పడెను. 1766లో నిజాము అలీతో జరిగిన సంధి వలన కొండపల్లి సర్కారు కంపెనీ వశమయ్యెను. బేరపు భాష అంతట పాలన భాషయైనది. కలెక్టరు వచ్చెను, కోర్టు వచ్చెను, ఫీజు వచ్చెను, అప్పీలు వచ్చెను.

ఇచ్చట గమనింపవలసిన విశేష మొకటి యున్నది. మన జనులు ఆ పదములను ఒంటరిగా గ్రహింపలేదు. ఒక్కొక్క పదమును దాని క్రియతో జోడించి గ్రహించిరి. దావా వేయుదురు. జామీను ఇత్తురు. జప్తు చేయుదురు. ఫీజు కట్టుదురు. “కేసు” అను ఒక్క మాట చూడుడు. సివిలు తగవులో మనిషి కేసు వేయును. పోలీసు ఠాణాలో కేసు పెట్టును. న్యాయాధికారి కేసు కొట్టివేయును. వేయుట, పెట్టుట, కొట్టివేయుట అను మూడు క్రియలు మారుటతో కర్త మారుచున్నాడు, కచేరీ మారుచున్నది, ఫలము మారుచున్నది. ఈ భేదమును ఏ వ్యాకరణ గ్రంథమును రైతునకు నేర్పలేదు. ఎవరు, ఎప్పుడు, ఎందులకై ఆ మాట పలికిరో కన్నులార చూచి, చెవులార విని నేర్చుకొనెను. పొరపడినచో పొలము పోవును గనుక జాగరూకతతో నేర్చుకొనెను. కౌలునకును తాకట్టునకును, తాకట్టునకును క్రయమునకును గల భేదము ఒక్క మాటలోనే యున్నదని ఆయనకు తెలియును.

బడికి వచ్చుసరికి ఈ మార్గము తలక్రిందులైనది. ఈ లోపమును మొదట గుర్తించినవారిలో ఒకరు తెలుగువారే. ఒంగోలు ప్రాంతీయుడైన వెన్నెలకంటి సుబ్బారావుగారు 1784లో జన్మించిరి. పెక్కు భాషలు నేర్చి, మద్రాసులో కంపెనీవారి ఉన్నత న్యాయస్థానమగు సదరు అదాలతులో అనువాదకులైరి. ఇంగ్లీషులో తమ జీవితచరిత్రను వ్రాసికొన్న తొలి భారతీయులలో వారొకరు. ఆ గ్రంథము వారు పరమపదించిన పిమ్మట 1873లో అచ్చయినది. మద్రాసు పాఠ్యపుస్తక సంఘములో సభ్యులుగా 1820లో వారు బడుల స్థితిని గూర్చి ఒక నివేదిక సమర్పించిరి. విద్యార్థులు వ్యాకరణ మెరుగక, భావము గ్రహింపక, చదువుటను వ్రాయుటను మాత్రమే అభ్యసించుచున్నారని అందలి సారాంశము. మెకాలే దొర తన ప్రసిద్ధమైన విద్యాపత్రమును వ్రాసినది 1835లో. దానికి పదునైదేండ్లు ముందే ఒక తెలుగు ఉద్యోగి, ఇంగ్లీషు నేర్వవలెనా వద్దా అను వాదములో దిగక, నేర్చుచున్న పద్ధతి సరియైనదా అని ప్రశ్నించుట మనము గర్వింపదగిన విషయము.

అటువైపు నుండి చూచినవారు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొరవారు. 1817లో మద్రాసునకు వచ్చి, 1820లో కడపలో ఉద్యోగమున ప్రవేశించి, అటుపిమ్మట మచిలీపట్టణములోను రాజమహేంద్రవరములోను పనిచేసిన వీరికి తెలుగే పరభాష. మనకు ఇంగ్లీషులో నెదురైన చిక్కే వీరికి తెలుగులో నెదురైనది. ఇంగ్లీషువాడు సామాన్యముగా “రైస్” అను ఒక్క మాటతో సరిపుచ్చుకొను చోట తెలుగువానికి నాలుగు మాటలు కావలెను. చేలో నున్నది వరి, గాదెలో నున్నది వడ్లు, చేటలో నున్నది బియ్యము, విస్తరిలో నున్నది అన్నము. అర్థము తెలిసినదని దొర తన వంటవానితో “వరి వడ్డింపుము” అనినచో నవ్వులపాలగును గదా! పదమునకు ఎదుట మరియొక పదమును నిలిపినంతమాత్రమున పని తీరదని బ్రౌన్ దొరవారు గ్రహించిరి. అందువలననే వారి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు (1852) అర్థముల పట్టికగా గాక, కావ్యముల నుండియు, జనుల వాడుక నుండియు ప్రయోగముల నెత్తి చూపు గ్రంథమై వెలసినది. అదే 1852లో వారు “వాక్యావళి” యను పుస్తకమును వెలువరించిరి. పేరులోనే దాని ప్రయోజన మున్నది. ఇంగ్లీషు నుడికారమునకు సరియైన తెలుగు నుడికారమును వాక్యమునకు వాక్యముగా చూపు అభ్యాసగ్రంథ మది. 1854లో ఇంగ్లీషు-తెలుగు నిఘంటువును, తెలుగులో కలిసిన అన్యభాషాపదములకు ప్రత్యేకముగా మిశ్రభాషా నిఘంటువును ప్రకటించిరి. పైన మనము చెప్పుకొన్న దావా, జప్తు వంటి కచేరీ మాటల స్వరూపమును తెలిసికొనదలచినవారికి నేటికిని ఈ చివరి గ్రంథము ఉపకరించుచున్నది.

మార్గదర్శకు లిట్లుండగా బడులు మరియొక దారిని పోయినవి. 1843లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్టణమున ఇంగ్లీషు పాఠశాలను స్థాపించెను. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయ మేర్పడెను. దానితో ప్రవేశపరీక్ష వచ్చెను, పరీక్షతో ఉద్యోగపు ఆశ వచ్చెను, ఆశతో అర్థముల పుస్తకము వచ్చెను. వీథిబడిలో అమరకోశమును వల్లించు అలవాటు మనకు పూర్వము నుండియు కలదు. ఆ అలవాటే ఇంగ్లీషు పదములపైకి మరలెను. కాని ఒక భేదమున్నది. అమరము వల్లించిన బాలుడు తరువాత కావ్యము పట్టెను. గురువు ఎదుట కూర్చుండి ప్రతిపదార్థము చెప్పెను, అన్వయము చేసెను, తాత్పర్యము విప్పెను. వల్లించిన పదము అన్వయములో మరల కనబడి ప్రాణము పోసికొనెను. ఇంగ్లీషు బడిలో వల్లెవేయుట నిలిచినది గాని, అన్వయము జారిపోయినది. కోశము మిగిలినది, కావ్యము పోయినది.

ఈ విపరీతమును గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కములో లోకమునకు చూపిరి. 1892లో మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చయిన ఆ నాటకములో గిరీశము ఇంగ్లీషు మాటలను భావము తెలుపుటకై వాడునది తక్కువ, ఎదుటివారిని బెదరించుటకై వాడునది ఎక్కువ. వినువారికి అర్థము కాకుండుటయే అతని బలము. మాటకు చోటు తెలియనివారు ఎక్కువగా నున్న సమాజములో మాటల గారడి సాగునని ఆ పాత్ర మనకు తెలుపుచున్నది. మనము నవ్వుకొందుము. కాని ఆ నవ్వు వెనుక, అర్థము కాని మాటకు తల యూపవలసివచ్చిన పల్లెజనుల దైన్యము కూడ నున్నది.

మార్పు ఇరువదవ శతాబ్ది ఆరంభమున మొదలైనది. ఉత్తర సర్కారులలో పాఠశాలల పరీక్షాధికారిగా నుండిన జె. ఏ. యేట్సు దొర, భాషను మాటాడు భాషగా, వస్తువును చూపి, వాక్యము పలికించి నేర్పవలెనను పద్ధతిని ప్రోత్సహించెను. గిడుగు రామమూర్తిగారి వ్యావహారిక భాషోద్యమమునకు ప్రేరణ మిచ్చినవారిలో నాయన యొకడగుట మనకు తెలిసినదే. బంగాళములో పనిచేసిన మైకేల్ వెస్టు, తక్కువ పదములతో ఎక్కువ చదివించు వాచకములను కూర్చెను. జపానులో ఇంగ్లీషు బోధించిన హారన్‌బీ, తన సహచరులతో గూడి 1942లో టోకియోలో ఒక నిఘంటువును వెలువరించెను. 1948లో దానిని ఆక్స్‌ఫర్డువారు మరల ప్రచురించిరి. ఇంగ్లీషు తల్లిభాషగా లేనివారి కొరకే కూర్చిన ఆ గ్రంథములో ప్రతి క్రియకును అది యిముడు వాక్యపు అచ్చును గూడ సూచించిరి. పదము పక్కన దాని వాక్యము గూడ నిఘంటువున కెక్కినది. 1958లో హైదరాబాదున వెలసిన కేంద్రీయ ఆంగ్లభాషా సంస్థ, ఉపాధ్యాయులకు ఇట్టి పద్ధతులలో శిక్షణ మిచ్చుటకు పూనుకొనెను. అదియే నేటి ఆంగ్ల మరియు విదేశీభాషల విశ్వవిద్యాలయము.

ఇంతవరకు మనము ఇంగ్లీషు పదము ఇంగ్లీషు వాక్యములో ఎట్లు నిలుచునో చూచితిమి. ఆ పదపు భావము తెలుగు వాక్యములో నిలుచుట యెట్లని ఆలోచించిన మహనీయు డొకడు ఈ సీమలోనే జన్మించెను. నందిగామకును జగ్గయ్యపేటకును చేరువనే యున్న పెనుగంచిప్రోలులో 1877లో కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారు పుట్టిరి. నిజాము రాజ్యము నడుమ కృష్ణాజిల్లా తునుకగా నుండిన మునగాల పరగణాకు దివానుగా పనిచేసిరి. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించినవారిలో ప్రముఖులు. తరువాత ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు కడంగిరి. ఇంగ్లీషులో నున్న శాస్త్రపదమునకు తెలుగున ఒక మాట సృష్టించి ఎదురుగా వ్రాసిన సరిపోవునని వారు తలపలేదు. ఆ పదము వెనుక నున్న విషయమును వ్యాసముగా విప్పి చెప్పి, ఆ విషయములో నుండి పదము పాఠకునికి బోధపడునట్లు చేయ యత్నించిరి. 1923లో వారు అకాలమున అస్తమించుటతో ఆ మహాయత్నము వారి చేతుల మీదుగా పూర్తి కాలేదు. అయినను మార్గము మిగిలినది.

ఇక మన ప్రశ్నకు మరలుదము. బాలుని వాక్యములో తప్పిన దేమి? దీనికి మన ప్రాచీనులే సమాధాన మిచ్చి యున్నారు. వాక్యార్థము కలుగుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడు కారణములు కావలెనని మన తార్కికులు చెప్పిరి. “గోవు, గుఱ్ఱము, మనుష్యుడు, ఏనుగు” అని వరుసగా పలికినచో వాక్యము కాదు. వానిలో ఒకదానికి మరియొకదాని యపేక్ష లేదు. అపేక్ష యుండుట ఆకాంక్ష. “నిప్పుతో తడుపుము” అన్నచో వ్యాకరణము సరియే గాని తడుపుటకు నిప్పు తగదు. తగియుండుట యోగ్యత. ఇప్పుడొక పదము, జామైన తరువాత మరియొక పదము పలికినచో అర్థము కుదరదు. ఎడము లేకుండుట సన్నిధి. ఈ మూడును ఇంగ్లీషు పదమునకు గూడ వర్తించును.

ఆకాంక్షను చూతము. తెలుగున మనము ఒక విషయమును “గురించి” చర్చింతుము. ఇంగ్లీషులో “డిస్కస్” అను క్రియ విషయమును నేరుగా కోరును. నడుమ “అబౌట్” అనునది దానికి అక్కరలేదు. మన బాలుడు తెలుగు క్రియ యొక్క ఆకాంక్షను ఇంగ్లీషు క్రియకు తగిలించును. అర్థము తెలిసియు తప్పుట యిచ్చటనే. అట్లే మనకు “అప్పు” ఒక్కటే. తెచ్చుకొన్నను అప్పే, ఇచ్చినను అప్పే. ఇంగ్లీషులో తెచ్చుకొనువాని క్రియ “బారో”, ఇచ్చువాని క్రియ “లెండ్”. ఈ రెంటిని తారుమారు చేసినచో ఋణదాత ఋణగ్రస్తు డగును.

యోగ్యతను చూతము. ఇంగ్లీషున “థిక్” అను మాట పాలకును చెల్లును, దుప్పటికిని చెల్లును, అడవికిని చెల్లును. తెలుగున పాలు చిక్కన, దుప్పటి మందము, అడవి దట్టము. మనము “దట్టమైన పాలు” అనము. మరియొకచోట ఇంగ్లీషువానికే రెండు మాటలు కావలెను. మనకు మనిషియు పొడుగే, త్రాడును పొడుగే. వానికి మనిషి “టాల్”, త్రాడు “లాంగ్”. ఒక భాషలో ఒకే పందిరి క్రింద నున్నవి మరియొక భాషలో వేరింటి కాపురము చేయుచుండును. పట్టికలో ఒక పదమునకు ఎదురుగా ఒక పదమును వ్రాసికొన్న బాలునికి ఈ కాపురముల సంగతి తెలియు మార్గ మేది?

సన్నిధిని అభ్యాసమునకు అన్వయింపవచ్చును. పదము విన్న నాటికిని, వాడిన నాటికిని నడుమ ఎడము పెరిగిన కొలది అది జారిపోవును. నేడు విన్న మాటను నేడే ఒక నిజమైన విషయమును చెప్పుటకు వాడవలెను. “నిజమైన” అను మాట ముఖ్యము. పరీక్షకై కల్పించిన వాక్యములో రాముడు ప్రతిదినము ఏదో యొకటి చేయుచుండును. ఆ రాముడెవరో బాలునికి తెలియదు, తెలిసికొన నక్కరయు లేదు. దానికి మారుగా తమ యింటి బావిని గూర్చి, తమ మిరపచేనును గూర్చి, తప్పిపోయిన బస్సును గూర్చి ఆ పదముతో చెప్పుమనినచో, వాక్యము తప్పినదో ఒప్పినదో ఆ బాలునికే తెలియును. గరికపాడులో వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి కృషివిజ్ఞాన కేంద్ర మున్నది. విత్తనమును గూర్చియు తెగులును గూర్చియు కొత్త మాటలు నేటి రైతునకు అట్టి చోటులనే చెవిని బడును. మాట వినబడిన చోటనే వస్తువు కనబడుట వలన అది మరపునకు రాదు. తాతకు “డిక్రీ” పట్టువడిన విధమున మనుమనికి “హైబ్రిడ్” పట్టువడుచున్నది.

కావున గృహస్థులకు ఒక్క మనవి. బిడ్డ దినమునకు పది పదములు వల్లించినాడని సంతసింపకుడు. రెండు పదములను మూడేసి వాక్యములలో, మూడు వేరువేరు సందర్భములలో వాడగలిగినాడా యని విచారింపుడు. మీకు ఇంగ్లీషు రాకపోయినను విచారింపవచ్చును. “ఈ మాట ఎవరు ఎవరితో అందురు? దేనికి చెల్లును? దేనికి చెల్లదు?” అని తెలుగుననే అడుగుడు. సమాధానము చెప్పలేనిచో ఆ పదము వానికి ఇంకను రాలేదన్నమాట. రేడియోలో ఇంగ్లీషు ప్రసంగము వచ్చునప్పుడు ఒక కొత్త పదమును పట్టుకొని, దానికి ముందు వెనుకల నేమి వినబడినదో వ్రాసికొనుమనుడు. ఆకాశవాణి మాటను ఎన్నడును ఒంటరిగా పంపదు. వాక్యముతో, స్వరముతో, సందర్భముతో గూర్చి పంపును.

తప్పినప్పుడు నవ్వకుడు. పల్లెల నుండి పట్టణపు కళాశాలలకు పోవు పిల్లలలో ఎందరో తెలివి లేక గాక, తప్పు పలికినచో నవ్వుదురేమో యను బెదరుతో మౌనము వహించుచున్నారు. పరభాషా పదము మన ముంగిటికి వచ్చిన చుట్టము వంటిది. పేరు తెలిసిన మాత్రమున చుట్టరికము కుదరదు. ఎవరి పక్కన కూర్చుండునో, ఎవరితో పొసగునో తెలిసికొని పీట వేయవలెను. పాలేటి గట్టున కచేరీ కాగితముతో నిలిచిన అక్షరము రాని రైతు ఆ మర్యాదను ఎరిగియుండెను. అక్షరము వచ్చిన మన బిడ్డలకు దానిని నేర్పుట మన వంతు.